విమానానికి కడచీల

ఎడ్లబండి చక్రాన్ని దగ్గరగా చూసినవారికి ఒక చిన్న ఇనుపముక్క కనిపిస్తుంది. చక్రం ఇరుసు మీద తిరుగుతుంది. ఇరుసు చివర ఒక రంధ్రం ఉంటుంది. చక్రం బయటికి జారిపోకుండా ఆ రంధ్రంలో ఒక చీల దిగవేసి ఉంటుంది. దానిని కడచీల అంటారు. కొన్ని ఊళ్ళలో సీల అని కూడా అంటారు. బండి బరువును మోసేది ఇరుసు. బండిని లాగేవి ఎడ్లు. కడచీల ఈ రెండు పనులూ చేయదు. అయినా అది ఊడిపోతే చక్రం కొంచెం కొంచెంగా పక్కకు జరిగి, చివరకు ఇరుసు నుంచి తప్పుకొంటుంది. నిండుబండి ఒరిగిపోతుంది. అందుకే అనుభవం గల బండివాడు ఎడ్లను కట్టే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి, రెండు కడచీలలనూ చేత్తో తాకి చూసుకొని గాని బయలుదేరడు.

ఇటువంటి కడచీలలు ఆకాశంలో ఎగిరే విమానానికి కూడా ఉంటాయి. వాటి పరిమాణం చిన్నదే. కాని అవి జారిపోతే దారి పక్కన బండి ఆపి బాగుచేసుకొనే అవకాశం ఆకాశంలో ఉండదు. పెద్ద కర్మాగారాలలో తయారయ్యే విమానాలలో ఈ చీలలను సరిచూడటానికి ప్రత్యేకంగా ఉద్యోగులుంటారు. ఇంటి దగ్గర సొంతంగా విమానం తయారుచేసుకొనేవారికి ఆ సౌకర్యం లేదు. చీల పెట్టేదీ వారే, సరిచూసుకొనేదీ వారే, ఆ విమానంలో ఎగిరేదీ వారే.

ఇంట్లో విమానం తయారుచేసుకోవడమా అని ఆశ్చర్యపోనవసరం లేదు. ఈ అలవాటు విమానమంత పాతది. 1903 డిసెంబరు 17న అమెరికాలోని కిట్టీహాక్ దగ్గర మొదటిసారి విమానం ఎగురవేసిన రైట్ సోదరులు సైకిళ్ళ దుకాణం నడుపుకొనేవారు. వారి విమానం ఆ దుకాణంలోని పనిముట్లతోనే రూపొందింది. బ్రెజిల్ దేశస్థుడు శాంటోస్ డ్యూమాంట్ పారిస్‌లో ఉంటూ 'డెమాయిసెల్' అనే చిన్న విమానాన్ని రూపొందించి, దాని నమూనా చిత్రాలను ఎవరైనా వాడుకోవచ్చునని లోకానికి వదిలివేశాడు. 1929లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే స్వయంకృషీవలుడు ఫోర్డ్ మోటారుకారు ఇంజను బిగించి ఒక చెక్క విమానాన్ని ఎగురవేశాడు. ఇటువంటి ఔత్సాహికుల కోసం 1953లో పాల్ పోబెరెజ్నీ అనే విమానచోదకుడు విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో ఒక సంఘాన్ని స్థాపించాడు. ఆ సంఘం ఆధ్వర్యాన ప్రతి సంవత్సరం వేసవిలో ఆష్‌కాష్ పట్టణంలో జరిగే విమానాల తిరునాళ్ళకు వేలాది విమానాలు ఎగిరివస్తాయి.

మన దేశంలోనూ ఇటువంటి పట్టుదల గలవారున్నారు. మహారాష్ట్రకు చెందిన విమానచోదకుడు అమోల్ యాదవ్ ముంబయిలో తమ ఇంటి మేడమీద ఆరుగురు కూర్చొనగల విమానాన్ని నిర్మించాడు. 2016లో ముంబయిలో జరిగిన ప్రదర్శనలో దానిని ప్రజలు చూశారు. 2017లో ప్రభుత్వం దానిని నమోదు చేసింది.

అమెరికాలో ఈ విమానాలకు ఒక నియమం ఉంది. విమాన నిర్మాణంలో ఎక్కువ భాగం పనిని ఔత్సాహికులే, విద్య కోసమో వినోదం కోసమో స్వయంగా చేసి ఉండాలి. ఎక్కేవారికి తెలిసేలా విమానం మీద 'ఎక్స్‌పెరిమెంటల్' అనే మాట రాసి ఉండాలి. అంటే అది ప్రయోగాత్మకమైనదని అర్థం. ఆ ఒక్క మాట వెనుక తయారీదారు మోయవలసిన బాధ్యత ఎంత ఉందో చీలల సంగతి తెలుసుకొంటే బోధపడుతుంది.

విమానం గాలిలో ఎలా మలుపు తిరుగుతుందో మొదట చూద్దాం. నీటిమీద పడవకు చుక్కాని ఉన్నట్లే విమానానికి కొన్ని అదుపు పలకలు ఉంటాయి. రెక్కల వెనుక అంచున చివరగా ఉండే పలకలను ఎలిరాన్లు అంటారు. ఒకవైపు ఎలిరాన్ పైకి లేస్తే రెండోవైపుది కిందికి వంగుతుంది. దానితో విమానం ఒక పక్కకు ఒరుగుతుంది. తోక దగ్గర అడ్డంగా ఉండే పలక ఎలివేటర్. అది విమానం ముక్కును పైకి ఎత్తుతుంది, కిందికి దించుతుంది. తోక దగ్గర నిలువుగా ఉండే పలక రడ్డర్. అది ముక్కును కుడి ఎడమలకు తిప్పుతుంది. ఇవి కాక, దిగేటప్పుడు తక్కువ వేగంలోనూ విమానాన్ని నిలబెట్టడానికి రెక్కలకు లోపలివైపు ఫ్లాపులు ఉంటాయి. ఎలివేటర్ వెనుక అంచున అరచేయంత వెడల్పున్న మరో చిన్న పలక కూడా ఉండవచ్చు. దాని పేరు ట్రిమ్ టాబ్. చోదకుడు కర్రను ఎల్లప్పుడూ బలంగా పట్టుకోకుండా అది సాయపడుతుంది.

రైట్ సోదరుల విమానం ఒరగడానికి ఎలిరాన్లు లేవు. వారు తాళ్ళతో లాగి రెక్కనే మెలితిప్పేవారు. తర్వాత రెక్కలు గట్టిపడ్డాయి. మెలితిప్పే పద్ధతి పోయి, రెక్కకు కదిలే పలకలు వచ్చాయి. కదిలే పలక వచ్చినచోట దానిని రెక్కకు కలిపే బందు కావలసివచ్చింది. బందు వచ్చినచోట చీల తప్పదు.

తలుపు బందు అందరికీ తెలిసినదే. కొన్ని ప్రాంతాలలో దీనినే కబ్జా అంటారు. రెండు రేకుల అంచులను గొట్టాలలా చుట్టి, ఒకదాని గొట్టాల మధ్య రెండోదాని గొట్టాలు ఇమిడేలా పెట్టి, అన్నిటి గుండా ఒక చీల దూరుస్తారు. చెరకు గడ కణుపుల్లా వరసగా కనిపించే ఈ గొట్టాలను కణుపులు అనుకొందాం. పియానో అనే వాద్యపు మూతకు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే పొడవైన బందు ఉంటుంది. అందువల్ల ఆ రకం బందుకు పియానో హింజ్ అనే పేరు వచ్చింది. చిన్న విమానాలలో ఫ్లాపులకు, ట్రిమ్ టాబులకు, కొన్నిటిలో ఎలిరాన్లకు కూడా దీనినే వాడతారు. బందు రేకులు అల్యూమినియంవి. చీల రెండు మూడు మిల్లీమీటర్ల మందం గల గట్టి తీగ. దాని పొడవు మాత్రం ఒక్కొక్కచోట మనిషి ఎత్తును మించుతుంది. మరికొన్ని విమానాలలో పొడుగు బందుకు బదులు రెండు మూడు చోట్ల గట్టి చెవులు అమర్చి, ఒక్కొక్క చెవిలో ఒక్కొక్క బోల్టు దూరుస్తారు. అక్కడ ఆ బోల్టే చీల.

ఈ చీల చేయవలసిన పని విచిత్రమైనది. పలక తేలికగా తిరగాలి. కాని చీల పొడవునా అటూ ఇటూ జరగకూడదు. బిగుతుగా పట్టేస్తే జరగదు గాని, పలక తిరగడం కష్టమవుతుంది. చోదకుడి చేతికి కర్ర బరువెక్కుతుంది. వదులుగా ఉంచితే పలక హాయిగా తిరుగుతుంది గాని, చీల జారిపోతుంది. అతికించివేద్దామంటే కుదరదు. మరమ్మతుకో, రంగు వేయడానికో, అరుగుదల చూడటానికో ఎప్పుడైనా పలకను విప్పవలసివస్తుంది. తిరగనివ్వాలి, జారనివ్వకూడదు, కావాలన్నప్పుడు విప్పుకోనివ్వాలి. ఈ మూడు షరతులకూ ఒప్పుకొనే కట్టు కావాలి.

చీల దానంతట అది ఎందుకు జారుతుందనే సందేహం రావచ్చు. పాత ఇంటి తలుపే దీనికి జవాబు చెబుతుంది. ఏళ్ళ తరబడి తెరిచి మూసిన తలుపుకు బందు చీల పైకి తేలి ఉండటం చాలామంది చూసే ఉంటారు. ఎవరూ దానిని పైకి లాగలేదు. ప్రతిసారీ తలుపు కదిలినప్పుడు అది వెంట్రుకవాసి జరిగింది. ఇంట్లోవారు రోకలి బండతోనో రాయితోనో దాని తలమీద రెండు దెబ్బలు వేసి మళ్ళీ దించుతారు.

విమానంలో ఈ కదలిక ఎన్నో రెట్లు ఎక్కువ. చిన్న విమానపు ఇంజను పూర్తి వేగంతో నిమిషానికి సుమారు 2,700 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 45 సార్లు, గంటకు 1,62,000 సార్లు. నాలుగు సిలిండర్ల ఇంజనులో ప్రతి చుట్టుకూ రెండు పేలుళ్ళు జరుగుతాయి. అంటే సెకనుకు 90 అదుర్లు విమానమంతటా పాకుతాయి. దీనికి తోడు గాలి ఒత్తిడి వల్ల పలకలు నిరంతరం సన్నగా కదులుతూ ఉంటాయి. ఉక్కు తీగ ఒరిపిడికి మెత్తని అల్యూమినియం కణుపులు మెల్లగా అరుగుతాయి. ఒక చీల గంటకు మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే జరుగుతున్నదనుకొందాం. కంటికి ఆనని కదలిక అది. కాని వంద గంటలు ఎగిరేసరికి అది ఒక సెంటీమీటరు అవుతుంది. చివరి కణుపులో చీల చాలావరకు ఖాళీ చేసినట్లే.

అప్పుడు ఏమవుతుంది? ఆపద రెండు రకాలుగా రావచ్చు. జరిగిన చీల కొన బయటికి పొడుచుకువచ్చి పక్కనున్న భాగానికి తగిలితే పలక తిరగకుండా పట్టేస్తుంది. చోదకుడు కర్ర లాగినా విమానం మాట వినదు. ఇది మొదటిది. చీల వదిలిన కణుపుల దగ్గర పలక వదులై ఊగడం రెండోది. జెండా గాలికి రెపరెపలాడుతుంది కదా! వదులైన పలక కూడా వేగంగా పోయే గాలిలో అలాగే కొట్టుకొంటుంది. దీనిని ఫ్లటర్ అంటారు. ఉయ్యాల ఊగుతున్నప్పుడు సరైన క్షణంలో చిన్న తోపు ఇస్తే ఊపు పెరుగుతూ పోయినట్లు, పలక ప్రతిసారి లేచి పడినప్పుడూ గాలి దానికి మరికొంత ఊపు ఇస్తుంది. కొన్ని సెకన్లలోనే ఆ ఊపు లోహాన్ని విరిచేటంత పెరుగుతుంది.

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. 2011 సెప్టెంబరు 16న అమెరికాలోని రీనో నగరంలో విమాన పందేలు జరుగుతున్నాయి. రెండో ప్రపంచయుద్ధ కాలపు పి-51 రకం విమానం ఒకటి, పందెం కోసం ఎన్నో మార్పులు చేసినది, గంటకు 800 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతున్నది. అకస్మాత్తుగా అది అదుపు తప్పి ప్రేక్షకుల సమీపంలో కూలింది. చోదకుడితో పాటు మొత్తం 11 మంది మరణించారు. ఎందరో గాయపడ్డారు. అది ఇంటి దగ్గర తయారైన విమానం కాదు. అయితే ప్రమాద కారణాన్ని విచారించిన ప్రభుత్వ సంస్థ చెప్పిన విషయం ప్రతి విమాన నిర్మాతకూ పాఠమే. ఎలివేటర్ మీది ట్రిమ్ టాబ్‌ను పట్టి ఉంచే స్క్రూలు వదులయ్యాయి. అవి వదులు కాకుండా చూడవలసిన లాక్‌నట్ల లోపలి పట్టీలు పాతబడి పట్టు కోల్పోయాయి. పట్టు తగ్గిన ఆ చిన్న పలకకు పందెపు వేగంలో ఫ్లటర్ పుట్టింది. అంత పెద్ద యంత్రం కూలిపోవడానికి నట్లలోని ఆ పాత పట్టీలే మూలమయ్యాయి.

చీలను ఎలా కట్టి ఉంచాలో ఇప్పుడు చూద్దాం. పియానో హింజ్ తీగకు సాధారణంగా చేసే పని ఒక కొనను కొంకిలా వంచడం. వంచిన కొన కణుపు లోపలికి దూరలేదు గనుక చీల ఆ వైపు నుంచి లోపలికి జారదు. కాని బయటికి జారవచ్చు. అందుకని ఆ వంపును పక్కనున్న రేకుకు సన్నని ఉక్కు తీగతో కట్టివేస్తారు. ఇలా కట్టే తీగను సేఫ్టీ వైరు అంటారు. పొడవైన ఫ్లాపులకు కొందరు నిర్మాతలు చీలను రెండు ముక్కలుగా చేసి, బందు మధ్యలో ఒకటి రెండు కణుపులు తీసివేసి, అక్కడి నుంచి చెరొకవైపుకు దూరుస్తారు. రెండు ముక్కల వంపులూ ఒకేచోట ఉంటాయి గనుక అక్కడే కట్టవచ్చు, అక్కడే చూడవచ్చు.

రెండో పద్ధతిలో చివరి కణుపుకు, అందులోని చీలకు కలిపి అడ్డంగా సన్నని రంధ్రం చేసి, దానిలో సేఫ్టీ వైరో స్ప్లిట్ పిన్నో దూర్చి కొనలు విడదీస్తారు. స్ప్లిట్ పిన్ను మనకు కొత్త కాదు. ట్రాక్టరు, ట్రాలీ భాగాలలో రెండు కాళ్ళు విడదీసి వంచిన పిన్ను కనిపించేది అదే. కడచీలకు అది దగ్గరి చుట్టం. చివరి కణుపును పట్టకారుతో నొక్కి చీలను బిగపట్టే మూడో పద్ధతి కూడా ఉంది. పని తొందరగా అవుతుంది గాని, తర్వాత చీలను తీయవలసివస్తే ఆ కణుపు పాడవుతుంది. నొక్కినచోట రేకు పగులు ఇచ్చిందేమోనని కూడా చూసుకోవాలి. ఈ మూడింటిలో ఏది చేయాలో ఆ విమాన నమూనా చిత్రాలు చెబుతాయి. సొంత తెలివితో దానిని మార్చడం మంచిది కాదు.

బోల్టే చీలగా ఉన్నచోట మరో జాగ్రత్త కావాలి. లోపల నైలాన్ పట్టీ ఉన్న లాక్‌నట్లు మామూలు చోట్ల బాగానే పట్టుకొంటాయి. కాని పలక తిరిగినప్పుడు బోల్టు కూడా తిరిగే అవకాశం ఉన్నచోట వాటిని నమ్మకూడదు. అక్కడ కోట బురుజులా పైన గాడులున్న కాజిల్ నట్టు పెట్టి, బోల్టుకున్న రంధ్రం గుండా స్ప్లిట్ పిన్ను దూర్చాలి. లాక్‌నట్టు వేళ్ళతోనే చివరిదాకా తిరిగిపోతున్నదంటే దాని పట్టు పోయినట్లే. దానిని పారవేసి కొత్తది వేయాలి. బోల్టు తల పైకి గాని, విమానం ముందువైపుకు గాని ఉండేలా పెట్టడం మరో మంచి అలవాటు. పొరపాటున నట్టు ఊడినా బోల్టు తన బరువుతో తాను ఆ రంధ్రంలోనే కొంతసేపు నిలుస్తుంది. బండి నడిపేవాడికీ, బావి గిలక కట్టేవాడికీ తెలిసిన సూత్రమే ఇది.

సేఫ్టీ వైరు కట్టడంలోనూ నేర్పు ఉంది. రెండు పోగులను అంగుళానికి సుమారు 6 నుంచి 8 మెలికలు పడేలా పేనుతారు. తక్కువైతే వదులు. ఎక్కువైతే తీగ బలహీనపడి తెగుతుంది. వైరు ఎప్పుడూ నట్టును బిగించే దిక్కుకు లాగుతూ ఉండాలి. విప్పే దిక్కుకు లాగితే అది కట్టు కాదు, కట్టినట్లు కనిపించే మోసం. ఒకసారి విప్పిన వైరును గాని, తీసిన స్ప్లిట్ పిన్నును గాని మళ్ళీ వాడకూడదు. కొత్త వైరు ఖరీదు చాలా స్వల్పం. ఒకసారి వంగి మళ్ళీ వంగిన లోహం ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం.

ఈ పద్ధతులన్నిటిలోనూ ఒక పోలిక గమనించవచ్చు. ప్రతిచోటా మొదటి బిగింపును కాపాడే రెండో కట్టు ఒకటి ఉంది. ఆ రెండో కట్టు కంటికి కనిపిస్తుంది. చీల కణుపుల లోపల ఎలా ఉందో ఎవరికీ కనిపించదు. నట్టు ఎంత బిగుతుగా ఉందో చూపుకు అందదు. వైరు మాత్రం ఉన్నదా లేదా, తెగిందా లేదా అనేది నాలుగడుగుల దూరం నుంచైనా తెలుస్తుంది. కొందరు బిగించిన నట్టు మీదుగా బోల్టు దాకా ఒక రంగుగీత గీస్తారు. ఆ గీత విరిగి కనిపిస్తే నట్టు తిరిగిందని గ్రహిస్తారు. గట్టిగా బిగించానన్న జ్ఞాపకాన్ని నమ్మకుండా, చూస్తే తెలిసే గుర్తును నమ్మడం విమానం కట్టేవారి విద్యలో మొదటి అక్షరం.

అయినా తన పనిలోని లోపం తన కంటికి తొందరగా ఆనదు. సొంత దస్తూరిలోని అక్షరదోషం తాను ఎన్నిసార్లు చదివినా కనిపించక, పక్కవాడు చదివితే వెంటనే దొరుకుతుంది. అందుకే బ్రిటన్ వంటి దేశాలలో అదుపు పలకల భాగాలను విప్పి బిగించినప్పుడు ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరు విడివిడిగా పరీక్షించాలనే నియమం ఉంది. అమెరికాలోని ఔత్సాహికుల సంఘంలో అనుభవజ్ఞులైన సభ్యులు స్వచ్ఛందంగా ఇతరుల ఇళ్ళకు వెళ్ళి, తయారవుతున్న విమానాన్ని చూసి సలహాలు ఇస్తారు. వారిని పిలవడం చిన్నతనమని మంచి నిర్మాత ఎవరూ అనుకోరు.

చివరి పరీక్ష చోదకుడిది. ప్రతి ప్రయాణానికి ముందు అతడు విమానం చుట్టూ కాలినడకన తిరుగుతాడు. ఎలిరాన్లను, ఎలివేటర్‌ను, రడ్డర్‌ను చేత్తో కదిలిస్తాడు. ప్రతి బందు దగ్గర వంగి చీల కొన, వైరు, స్ప్లిట్ పిన్ను ఉన్నచోట ఉన్నాయా అని చూస్తాడు. పలకను పట్టుకొని మెల్లగా అటూ ఇటూ ఊపి, ఉండకూడని వదులు ఏమైనా వచ్చిందా అని చేతితోనే తెలుసుకొంటాడు. నిన్న చూశాను కదా అని ఈరోజు మానడు. ఎందుకంటే నిన్నటి తర్వాత ఆ విమానం మరికొన్ని లక్షల అదుర్లు భరించింది.

ఎడ్లను కట్టే ముందు బండివాడు చేసేదీ ఇదే. అతడు ఇంజను అదుర్లను లెక్కకట్టలేదు, ఫ్లటర్ అనే మాట వినలేదు. అయినా ఇరుసు చివర వంగి కడచీల మీద చెయ్యి వేసినప్పుడు, రెక్క చివర వంగి వైరును తాకే విమానచోదకుడు చేసే పనినే అతడూ చేస్తున్నాడు. యంత్రం ఎంత పెద్దదైనా, ఎంత పైకి ఎగిరినా, దానిని నమ్ముకొన్నవారి ప్రాణం ఒక్కొక్కసారి వేలెడు లేని ఇనుపముక్క మీద ఆధారపడి ఉంటుంది. ఆ ముక్క ఉన్నచోట ఉన్నదో లేదో బయలుదేరే ముందు వంగి చూసుకోవడానికి పట్టే సమయం కొద్ది నిమిషాలే.